చప్పుడాగిన చక్రాలు

పుష్పమ్మ వచ్చి వాకిట్లో కూర్చుని జాము పొద్దయింది. అరుగు మీదికి రమ్మంటే రాదు, ఇంటికి పొమ్మంటే పోదు. సోమమ్మ చెంబుతో నీళ్లు తెచ్చి ముందు పెడితే వాటిని ముట్టుకోనైనా లేదు.

ఆమె అడుగుతున్నది ఒక్కటే. సోమమ్మ మొగుడు ఐలేశం ఠాణాకు వచ్చి, తన పెనిమిటి మీద పెట్టిన ఫిర్యాదు వాపసు తీసుకోవాలి. మెకానిక్కు ఇస్రాయేలును నిన్న మధ్యాహ్నం నుంచి ఠాణా వరండాలో కూర్చోబెట్టారు. అంతకుముందే జానమ్మ అన్నదమ్ములు బజారులో పట్టుకుని అతణ్ణి చేతికందినకాడికి కొట్టారు. కుడిచేతి వేళ్లు వాచిపోయి అన్నం ముద్ద కూడా పట్టుకోలేకపోతున్నాడట.

జానమ్మ సోమమ్మకు తోడికోడలు. ఆమె భర్త సిద్దిరాములు నల్లగొండ దవాఖానలో పడివున్నాడు. కుడికాలు మోకాలి పైదాకా తీసేశారు. జ్వరం దిగితే మనిషి దక్కుతాడని డాక్టర్లు అంటున్నారు, ఆ జ్వరమేమో దిగడం లేదు. జానమ్మ ఆ మంచం పట్టీ వదలకుండా అక్కడే కూర్చుంది.

కాలు పోయినప్పటి నుంచి ఈ ఇంట్లో మనుషులు మామూలుగా మాట్లాడుకోవడం మానేశారు. నోరు విప్పితే అరుచుకోవడం, లేకుంటే ఎవరి మూల వాళ్లు పట్టుకోవడం. సోమమ్మ వండిన జొన్న గటక వండినట్టే కుండలో చల్లారిపోతున్నది.

“నీ మరిదికి గట్లయిందని మాకు ఏడుపు లేదనుకోకు అక్కా,” అంది పుష్పమ్మ. “మా ఆయన తిండి మానేసిండు. తప్పు నాదే, నేనే సరిగ చూడలేనని ఆయన నోటితోనే అంటున్నడు. ఠాణల అమీన్‌సాబు గా మాటనే రాసుకున్నడు. అన్న ఒక్కసారి వచ్చి, కావాలని చేసింది గాదని చెప్తే ఇడిసిపెడ్తరు.”

నిన్న ఇదే మాట సోమమ్మ మొగుడితో అంది. ఐలేశం సమాధానం చెప్పకుండా లేచిపోయాడు. వెంటబడి మళ్లీ అడిగితే, తమ్ముడి కాలు పోయింది నీ కంటికి కనిపిస్తలేదా అని కసిరాడు. నిజమే, కనిపిస్తున్నది. కాని ఆ మాట అన్నప్పుడు అతను తన ముఖంలోకి చూడలేదన్నది కూడా ఆమెకు కనిపించింది.

మామ గురవయ్య అరుగు మీది నులకమంచంలో గోడవైపు తిరిగి పడుకున్నాడు. నిద్రపోతున్నాడో వింటున్నాడో తెలియదు. సోమమ్మ కొంగు బిగించుకుని, మొగుణ్ణి వెతుక్కుంటూ కొట్టం వెనక్కి నడిచింది.

కొట్టం వెనక ఆ మిల్ట్రీ మోటరు నిలబడి ఉంది. ఈ రెండేండ్లు ఇంటిల్లిపాదినీ తన చుట్టూ తిప్పుకున్న మోటరు అది. యుద్ధం అయిపోయాక పటాలం వాళ్లు సికింద్రాబాదులో పారేసి పోయిన బండి. ముందు మోటరు వేరు, దాని వీపు మీద మెడ ఆనించి నడిచే వెనుకబండి వేరు. ఐలేశం వేలంలో పాడి, ఆలేరు దాకా రైలు మీద, అక్కడి నుంచి ఎడ్లతో ఈడ్పించుకొస్తే మోత్కూరంతా నోరు నొచ్చేదాకా నవ్వింది. ఇంజనులో ఎలుకలు పిల్లలు పెట్టాయి. వెనుకబండి అడుగు చెక్కల్ని చెదలు తినేశాయి. ఇంత తుక్కు ఇంట్లో పెట్టుకుని ఏం చేసుకుంటావని సోమమ్మ కూడా మొగుణ్ణి తక్కువేమీ సాధించలేదు.

ఆ తుక్కును మోటరు చేసింది ఇస్రాయేలు. యుద్ధకాలంలో ఇట్లాంటి బండ్ల మధ్యనే పనిచేసినవాడు. ఇంజను ముక్క ముక్కా విప్పి, కిరసనాయిలులో కడిగి, గోనెపట్టాల మీద పరిచి ఆరబెట్టాడు. కొన్ని సామాన్లు హైదరాబాదులో పాత సామాన్లు అమ్మే గుజిలీలో దొరికాయి, దొరకనివి కొలిమి దగ్గర కూర్చుని కొట్టించాడు. వెనుకబండికి వేపచెక్కలు వేయించాడు. పాతరంగు గీకుతుంటే తలుపు మీద తెల్లనక్షత్రం ఒకటి బయటపడింది. సిద్దిరాములు ముచ్చటపడి దాన్ని గీకనీయలేదు.

మొదట ఇస్రాయేలు తిన్న గిన్నె కొట్టం చూరులోనే ఉండేది. ఏడాది తిరిగేసరికి గురవయ్యే ఆ గిన్నె తీసి అవతల పారేసి, అతణ్ణి తన పక్కన కూర్చోబెట్టుకుని తిన్నాడు. ఊళ్లో తలా ఒక మాట అన్నారు. ముసలాయన చెవిన పెట్టలేదు. మోత్కూరు నుంచి ఆలేరు స్టేషనుకు జీవితమంతా ఎడ్లబండి కిరాయికి తోలిన మనిషి ఆయన. చక్రం తిరిగేలా చేసేవాడు ఎవడైనా తన కులంవాడే అన్నట్టు ఉండేవాడు.

ఇంత కష్టపడి నిలబెట్టిన బండి, ఆముదాల బస్తాలు నింపుకుని తొలిసారి ఆలేరుకు బయలుదేరిన సోమవారం నాడే బిక్కేరు వాగు దిగుడులో పట్టు తప్పింది. ఐలేశం బ్రేకు తొక్కాడు. ముందు మోటరు ఆగింది, వెనుకబండి ఆగలేదు. బరువంతా వెనక నుంచి తోసుకుంటూ వచ్చి పక్కకు తిరిగింది. బస్తాల మీద కూర్చున్న సిద్దిరాములు, ఎడ్లబండికి వేసినట్టే చక్రం కింద కట్టె అడ్డం వేద్దామని కిందికి దూకాడు. చక్రం ఆ కట్టె మీదుగా, అతని కాలి మీదుగా పోయింది.

వెనుకబండి బ్రేకులకు కొత్త లైనింగు వేసింది ఇస్రాయేలు. ఇంక ఎవరూ ఎక్కువ ఆలోచించలేదు.

ఐలేశం వెనుకబండి పక్కన గొంతుక్కూర్చుని ఉన్నాడు. ఒక చక్రం విప్పి నేల మీద పడుకోబెట్టాడు. లోపలి బ్రేకు డ్రమ్మును ఒళ్లో పెట్టుకుని పాత చీరగుడ్డతో గట్టిగా తుడుస్తున్నాడు. సోమమ్మ అడుగుల చప్పుడుకు ఉలిక్కిపడి, ఆ డ్రమ్ము మీద గుడ్డ కప్పేశాడు.

కప్పేదాకా ఆమె చూడనే చూసింది. చూడకపోయినా వాసన చెప్పేది. కాలిన గడ్డి మసి, ఆముదం కలిసిన ఆ వాసన ఈ ఇంట్లో పుట్టిన పిల్లలకు కూడా తెలుసు. బండి ఇరుసుకు పెట్టే కందెన.

సోమమ్మ కొట్టం గుంజ పట్టుకుని నిలబడింది.

శనివారం నాడు మామ ఆమెను పిలిచి, జర కందెన కలిపియ్యి బిడ్డా అన్నాడు. ఆమె వరిగడ్డి కాల్చి, మసి జల్లించి, ఆముదం పోసి తనే మెదిపింది. సొంత ఎడ్లబండి అమ్మేసి చాలాకాలమైంది. పక్కింటివాళ్లకు కాబోలు అనుకుంది. ఎందుకని అడగలేదు. మామ దాన్ని తన పాత వెదురుగొట్టంలో నింపుకుని పోతుంటే, చాన్నాళ్లకు ముసలాయనకు పని దొరికిందని నవ్వుకుంది కూడా.

“గిది మామ పెట్టిండా?” అంది.

ఐలేశం తలెత్తలేదు. ఆదివారం ఇస్రాయేలు ప్రార్థనకని ఆలేరు పోయినప్పుడు పెట్టి ఉంటాడని గొణిగాడు. కొత్త లైనింగు కొన్నాళ్లు కీచుమని అరుస్తుంది. అదే సర్దుకుంటుందని ఇస్రాయేలు అందరికీ చెప్పాడు. కాని ముసలాయన ఆ కూత భరించలేకపోయాడు. చక్రం వెనక రేకులో వేలు దూరేంత సందు ఉంటుంది. అందులోంచి నాలుగు చక్రాలకూ గొట్టంతో పోశాడు. డ్రమ్ములో చక్రాన్ని పట్టి ఆపే ఆ లైనింగు పట్టీలు పొడిగా ఉండాలి. ఆముదం తగిలితే ఇక అవి పట్టవు, జారిపోతాయి. సోమవారం పొద్దున చక్రాలు చప్పుడు లేకుండా కదిలితే, లైనింగు సర్దుకున్నదనుకుని ఇస్రాయేలు సంతోషపడ్డాడు. ఊరి బాట చదునుగా ఉన్నంతసేపు ఎవరికీ అనుమానం రాలేదు.

సోమమ్మ అదంతా విన్నది. విన్నాక ఆమెకు నిన్నటి కసురు గుర్తొచ్చింది, ఆ చూపు తప్పించుకోవడం గుర్తొచ్చింది.

“నీకెప్పుడు తెల్సింది?”

అతను తుడుస్తూనే ఉన్నాడు.

“ఠాణకు పోకముందా, పోయొచ్చినంకనా? గదన్న చెప్పు.”

“ముందే,” అన్నాడు ఐలేశం. “వాగు కాడనే చక్రంల కందెన వాసన పట్టిన.”

సోమమ్మ గుంజ వదిలి నేల మీద కూలబడింది. పెండ్లయిన నాటి నుంచి ఈ మనిషి మొండివాడని తెలుసు, కోపిష్టని తెలుసు. అబద్ధాలకోరని మాత్రం ఎన్నడూ అనుకోలేదు. ఒకే కంచంలో తిన్నవాణ్ణి పట్టించి వచ్చి, రాత్రి తన పక్కనే పడుకున్నాడు.

“ఎవరిదో ఒకరి పేరు చెప్పకుంటే పోలీసోళ్లు చక్రం ఇప్పి చూద్దురు,” అన్నాడు అతను. “చూస్తే బాపుకు తెలుస్తది. కొడుకు కాలు తన చేత్తోటే తీసిన అని తెల్సినంక బాపు పొద్దుగూకేదాక బతుకుతడా? నీకెరుకలేదా ఆయన సంగతి?”

“ఇస్రాయేలుకు మాత్రం ఆలుపిల్లలు లేరా?”

“ఇస్రాయేలు జైలుకు పోతే తిరిగొస్తడు. బాపు పోతే రాడు.”

మామ సంగతి ఆమెకూ తెలుసు. సిద్దిరాములు చిన్నప్పుడు తల్లి పోతే, బండి తొట్టిలో గడ్డి పరిచి, పసివాణ్ణి అందులో పడుకోబెట్టుకుని ఆలేరుకు తోలిన మనిషి. కాలు తీశారన్న కబురు వచ్చిన నాటి నుంచి మంచినీళ్లు తప్ప ఏదీ మింగలేదు.

ఇంకోటి కూడా ఉంది, దాన్ని ఆమె పైకి అనలేదు. ఆ కందెన కలిపింది తను. ఎందుకని ఒక్కమాట అడిగి ఉంటే సరిపోయేది. రేపు జానమ్మకు ఈ సంగతి తెలిస్తే మామతో పాటు తన ముఖాన కూడా ఉమ్మేస్తుంది. ఆమెకు భయం వేసింది. ఆ భయంలో, మొగుడు ఆ మసి మిగలకుండా తుడిచేస్తే బాగుండుననిపించింది. అనిపించినందుకు తన మీద తనకే రోత పుట్టింది.

“గా కిరసనాయిలు సీస ఇట్ల అందియ్యి,” అన్నాడు ఐలేశం.

సీసా ఆమె పక్కనే ఉంది. సోమమ్మ దాన్ని తీసి అతని చేతికిచ్చింది.

ఇచ్చాక అక్కడ నిలవలేకపోయింది. కళ్లు తుడుచుకుని ముందువాకిట్లోకి వచ్చేసరికి, గురవయ్య మంచం దిగి ఉన్నాడు. తలకు రుమాలు చుట్టుకుని, చేతికర్ర పట్టుకుని, పుష్పమ్మ ఎదురుగా నిలబడి మాట్లాడుతున్నాడు. ఆ చుట్టుకున్న తీరు చూస్తే ఊళ్లోకి పోయే మనిషిలా ఉన్నాడు.

ముసలాయన నిద్రపోలేదు. పుష్పమ్మ చెప్పుకున్నదంతా గోడవైపు తిరిగి విన్నాడు. నా కొడుకు పోయి చెప్పకుంటే నేనే పోయి చెప్తాను, నాకు అమీన్‌సాబు అంటే భయమా అంటున్నాడు. పుష్పమ్మ ఆయన కాళ్ల మీద పడబోతే వారించాడు.

“వాని పనిల తప్పు లేదు బిడ్డా. చక్రాలు నేను చూసిన గద. వాడు లేనినాడు నాలుగిట్లకు నా చేత్తోటే కందెన పోసిన. తెల్లారి బండి కదిల్తే పక్కనున్నోనికి ఇనపడలే, గంత మెత్తగ పోయినయి. తప్పున్నదంటే ఇంజన్ల ఉండాలె. గీ మాట నేను అమీన్‌సాబుకు చెప్త.”

పుష్పమ్మ కదలకుండా ఉండిపోయింది.

ఆమె మెకానిక్కు పెండ్లాం. బ్రేకుకు చమురు తగలకూడదన్న సంగతి, మొగుడు గదమాయించి చెప్పగా తెలిసిందే. ఆ ఇంట్లో పిల్లలు నూనెచేత్తో లైనింగు ముట్టుకుంటే దెబ్బలు పడతాయి. ఆమె ముసలాయన ముఖంలోకి చూసింది. అక్కడ దాపరికమేమీ లేదు, కూతురులాంటి పిల్లకు సాయపడుతున్నానన్న ఆదుర్దా తప్ప.

అప్పుడు పుష్పమ్మ చూపు సోమమ్మ వైపు తిరిగింది. నీకు తెలుసా అని ఆ చూపు అడిగింది. సోమమ్మ తల దించుకుంది, దాంతో పుష్పమ్మకు జవాబు దొరికిపోయింది. ఆమె లేచి అరవవచ్చు. ఊరంతా పోగయ్యేలా గుండెలు బాదుకోవచ్చు. అట్లా చేసినా ఎవరూ తప్పుపట్టలేరు. కాని ఆమె పెదవి బిగబట్టి నేలచూపులు చూసింది. చెప్పేది మీరే చెప్పుకోండి అన్నట్టుగా కూర్చుంది.

గురవయ్య వాకిలి తడక వైపు నడిచాడు. ఆ మాటలు కొట్టం వెనకకు వినిపించాయేమో, ఐలేశం పరుగున వచ్చి తడకకు అడ్డంగా నిలబడ్డాడు. మోచేతుల దాకా మసి అంటుకుని ఉంది. అన్నం లేక తూలుతున్నావు, ఈ ఎండలో ఎక్కడికి పోతావు, నేనే పోయి మాట్లాడతాను, నువ్వు పోయి పడుకో అన్నాడు.

ఎప్పుడు పోతావని తండ్రి అడిగాడు. పోతానన్నాడు కొడుకు. ఎప్పుడని తండ్రి మళ్లీ అడిగాడు.

ముసలాయన ఒకసారి కొడుకు చేతుల వంక, ఒకసారి కోడలి వంక, ఒకసారి నేల మీద కూర్చున్న పుష్పమ్మ వంక చూశాడు. 

“ఏందిది? నేను పోతా అంటే అందరికి గింత కష్టమైతాంది?”

ఐలేశం సోమమ్మను చూసి తల అడ్డంగా ఊపాడు. వద్దని బతిమాలుతున్నట్టు ఊపాడు. మొగుడు తనను బతిమాలడం ఆమె అదే మొదటిసారి చూసింది. చెప్పకుండా ఉంటే ముసలాయన పోయి అమీన్‌సాబు ముందు ఇదే మాట గర్వంగా చెప్తాడు. అక్కడ పదిమంది నవ్వుతారు, ఎవడో ఒక జవాను విడమరిచి చెప్తాడు. ఆపి ఇంట్లో పడుకోబెడితే, ఠాణాలో ఇస్రాయేలు చెయ్యని తప్పు ఒప్పుకుంటూ కూర్చుంటాడు. 

“మామా, జర కూచో,” అంది సోమమ్మ.

ఆయన కూర్చోలేదు.

“గా డ్రమ్ముల చక్రాన్ని పట్టుకొని ఆపేటియి ఉంటయట మామా. గవే బ్రేకులు. అయి పొడిగనే ఉండాలెనట. నూనె తగిల్తే పట్టయట, జారుతయట. నువ్వు ఇన్నది ఇరుసు చప్పుడు గాదు. అయి పట్టుకునే చప్పుడు.”

“సోమమ్మా,” అన్నాడు ఐలేశం.

“నేనే కలిపిచ్చిన మామా. ఎందుకని నిన్ను అడగలే. నాది గూడ తప్పే.”

గురవయ్య కర్ర మీద రెండు చేతులూ ఆనించి నిలబడ్డాడు. ఏడవలేదు, కూలిపోలేదు. బాటన పోయే మేకలమంద చప్పుడు దగ్గరకొచ్చి, తడక దాటి, దూరమైపోయింది.

“చక్రాల జోలికి ఎవరు పోవద్దని ఇస్రాయేలు చెప్పిండు,” అన్నాడు చివరికి. “నా ముంగటనే చెప్పిండు. పోరగాండ్లకు చెప్తున్నడనుకున్న. చక్రం సంగతి నాకు చెప్పేదేముంటది అనుకున్న.”

పుష్పమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తున్నది.

ముసలాయన కొడుకు వైపు తిరిగాడు.

“నీకెరుకనా?”

ఐలేశం తండ్రి కళ్లలోకి చూడలేక తడక కర్ర పట్టుకున్నాడు.

“ఎరుకైనంకనే వాన్ని పట్టిచ్చినవా?”

“నీకోసమే బాపు,” అన్నాడు ఐలేశం. ముప్పై దాటిన మనిషి, చిన్నపిల్లవాడిలా వెక్కివెక్కి ఏడ్చాడు. “నువ్వు తట్టుకోవని చేసిన.”

సోమమ్మకు మామ గట్టిగా అరిస్తే బాగుండుననిపించింది. కర్రతో నాలుగు వడ్డించినా బాగుండును. ఆయన రెండూ చేయలేదు. రుమాలు ఊడుతుంటే ఒక చేత్తో మళ్లీ సర్దుకున్నాడు.

“జరుగు.”

“నిన్ను లోపలేస్తరు బాపు. రేపు సిద్దిరాములు లేసి, నా కాలు ఎవరు తీసిండ్రని అడిగితే నేనేమని చెప్పాలె?”

“నువ్వు చెప్పేదేముంది, నేనే చెప్త. మొదలు ఠాణల చెప్త. ఆనంక నల్లగొండ పోయి వాని మంచం కాడ కూచొని చెప్త. వాడు నన్ను ఏమన్న అననియ్యి. ఇంకొకని మీదికి తోసి నన్ను బతికియ్యకు కొడుకా. జరుగు.”

ఐలేశం జరగలేదు. ముసలాయన కొడుకు రొమ్ము మీద అరచెయ్యి పెట్టి నెట్టాడు. తిండి లేని ఆ చేతిలో బలం లేదు. ఐలేశం ఊరికే నిలబడితే చాలు, ఆయన ఆ తడక దాటలేడు. అది ఇద్దరికీ తెలుసు.

సోమమ్మ నడిచి వచ్చి మామ పక్కన నిలబడింది. మొగుడి భుజం మీద తనూ ఒక చెయ్యి వేసి, ఉన్న బలమంతా పెట్టి తోసింది.